లోయ అడుగునే అసలైన సైకిల్ దారి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆల్ప్స్ పర్వతాలలో సైకిల్ ప్రయాణాల గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఆ విషయానికి ఒక తెలుగు పత్రిక రెండు పుటలు కేటాయించడం నాకెంతో సంతోషం కలిగించింది. అయితే ఆ పుటలలోని ఛాయాచిత్రాలన్నీ ఎత్తైన కనుమలవే. వ్యాసం చదివి ముగించిన వారికి మిగిలే అభిప్రాయం కూడా, ఆల్ప్స్‌కు చేరుకుంటే చాలు, కార్ల బెడద, లారీల బెడద లేకుండా ఎక్కడైనా నిశ్చింతగా సైకిలు తొక్కవచ్చు అన్నదే. ఆ మాట లోయ అడుగున నిజం, కనుమ మీద నిజం కాదు. ఈ తేడా తెలియకుండా, ఆ చిత్రాలు చూసి ముచ్చటపడి, పిల్లలతోనో పెద్దవారితోనో బయలుదేరే పాఠకులు ఉండవచ్చు కనుక, నాకు తెలిసినంతలో ఆ విషయాన్ని వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైనందుకు మన్నించగలరు.

నేను నలభై దాటిన తరువాత సైకిలు నేర్చుకున్నదాన్ని. వెనక నుంచి హారన్ వినబడితే ఇప్పటికీ నా చేతులు బిగుసుకుపోతాయి, హ్యాండిల్ అదుపు తప్పుతుంది. మూడు వేసవులుగా ఇటలీ ఉత్తర కొసన ఉన్న దక్షిణ టిరోల్‌లో, సన్నటి టైర్ల రోడ్ సైకిలు మీద, ఒక్కో పర్యాయం రెండేసి వారాలు తిరిగాను. వాహనాలు లేని దారి అనేది వేగంగా పోయే క్రీడాకారులకు ఒక సౌకర్యం మాత్రమే కావచ్చు. నావంటి వారికి మాత్రం అది ఉంటేనే ప్రయాణం, లేకపోతే లేదు. అందుకే ఈ విషయంలో చిన్న పొరపాటు కూడా నాకు చిన్నదిగా కనిపించదు.

ముందుగా మీ వ్యాసానికి ముఖచిత్రమైన స్టెల్వియో కనుమ సంగతి. సముద్రమట్టానికి 2,757 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కనుమ మీదకు, ఆస్ట్రియా సామ్రాజ్యం ఏలుబడిలో, కార్లో దోనెగానీ అనే ఇంజనీరు 1820 నుంచి 1825 వరకు రోడ్డు వేయించాడు. ప్రాడ్ గ్రామం వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు వస్తాయి. సైకిలు తొక్కేవారు దానిని జీవితంలో ఒక్కసారైనా ఎక్కాలని కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ మోటారు సైకిళ్ల మీద తిరిగేవారికీ, స్పోర్ట్స్ కార్లు ఉన్నవారికీ, పర్యాటక బస్సులకూ సరిగ్గా అదే కోరిక ఉంటుంది. మంచు కారణంగా ఆ రోడ్డు ఏడాదిలో సగానికి పైగా మూతబడి ఉంటుంది. తెరిచి ఉండే ఆ కొద్ది నెలలలోనే అందరూ అక్కడికి చేరతారు. ఆగస్టులో ఒక ఉదయం నేను కింది నుంచి కొన్ని మలుపులు ఎక్కి చూశాను. ప్రతి మలుపులోనూ గుంపులుగా వచ్చే మోటారు సైకిళ్ల రొద కొండకు తగిలి తిరిగి వచ్చి, బండి ఎటునుంచి వస్తున్నదో తెలియకుండా చేసింది. ట్రాఫోయ్ గ్రామం దాకా వెళ్లి, అక్కడినుంచి మెల్లగా దిగి వచ్చేశాను. ఆ రోడ్డు గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాహనాలు లేని దారుల గురించిన వ్యాసానికి అది ముఖచిత్రం కాకూడదనే నా మనవి.

అలాగని కనుమలు సైకిళ్లకు పూర్తిగా అందనివీ కావు. ఏడాదికి ఒక రోజు, ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదట్లోనో ఒక శనివారం, స్టెల్వియో రోడ్డును ఉదయం నుంచి మధ్యాహ్నం దాటేవరకు మోటారు వాహనాలకు మూసివేస్తారు. డోలొమైట్ కొండలలో సెల్లా, పోర్దోయ్, గార్దెనా, కంపొలోంగో అనే నాలుగు కనుమలను చుట్టివచ్చే దారిని జూన్ మాసంలో ఒక రోజు అదేవిధంగా సైకిళ్లకు విడిచిపెడతారు. ఫ్రాన్సు వైపు ఆల్ప్స్‌లో కూడా వేసవిలో కొన్ని ఉదయాలు కొన్ని కనుమలను సైకిళ్లకే ప్రత్యేకిస్తున్నారు. ఆ తేదీలు ఏటా మారుతుంటాయి. మీ వ్యాసం ఆ తేదీలు ఎక్కడ చూసుకోవాలో ఒక్క మాట చెప్పి ఉంటే, ఎవరికైనా ప్రయాణం ఆ రోజుకు కుదుర్చుకునే వీలుండేది.

ఇక లోయ. దక్షిణ టిరోల్ పడమటి భాగాన్ని జర్మన్‌లో విన్‌ష్‌గావ్ అనీ, ఇటాలియన్‌లో వాల్ వెనోస్తా అనీ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చిన ప్రాంతం కావడం వల్ల అక్కడ ప్రతి ఊరికీ రెండు పేర్లు, ప్రతి సూచిక పలక మీద రెండు భాషలు ఉంటాయి. ఆస్ట్రియా సరిహద్దులో, 1,500 మీటర్ల ఎత్తున ఉన్న రెషెన్ కనుమ దగ్గర ఆదిజె నది పుడుతుంది. దానినే జర్మన్ మాట్లాడేవారు ఎచ్ అంటారు. 410 కిలోమీటర్ల పొడవుతో, ఇటలీలో పో నది తరువాత పెద్దది ఇదే. నది పుట్టిన చోటు నుంచి మెరాన్ పట్టణం దాకా, అక్కడినుంచి బోల్జానో, ట్రెంటో మీదుగా వెరోనా దాకా, నదిని అంటిపెట్టుకుని సైకిల్ బాట సాగుతుంది. రోమన్ల కాలంలో క్లాడియస్ చక్రవర్తి పూర్తి చేయించిన వియా క్లాడియా ఆగస్టా అనే రాజమార్గం కూడా ఈ లోయ గుండానే పోయింది. రెండువేల ఏళ్ల కిందట బండ్లు నడపడానికి అనువుగా తోచిన నేల ఈనాడు సైకిలుకూ అనువుగానే ఉంది.

రెషెన్ దగ్గరి సరస్సులో నీటి మధ్య నిలబడి కనిపించే గంటగోపురం చిత్రాన్ని మీ పాఠకులు చాలామంది చూసే ఉంటారు. 1950లో ఆనకట్ట కోసం గ్రౌన్ అనే ఊరిని ముంచివేసినప్పుడు మిగిలిన గుర్తు అది. సైకిల్ బాట ఆ సరస్సు ఒడ్డు నుంచే మొదలై, విశాలమైన పచ్చిక వాలు మీదుగా మాల్స్‌కు దిగుతుంది. ఈ మొదటి దిగుడు ఏటవాలుగా ఉంటుంది కనుక, చలి ఉదయాలలో చేతులు కొంకర్లు పోయి బ్రేకు సరిగా పట్టుకోలేని పరిస్థితి రావచ్చు. మాల్స్ దాటగానే గ్లుర్న్స్ అనే బుల్లి పట్టణం వస్తుంది. దాని ప్రాకారం ఎక్కడా చెడకుండా నిలిచి ఉంది. మూడు ద్వారాలలో ఒకదాని గుండా సైకిలు మీదనే లోపలికి వెళ్లి, మరొకదాని గుండా బయటికి రావచ్చు. ఆ పైన ప్రాడ్, లాస్, ష్లాండర్స్, లాట్ష్, కాస్టెల్‌బెల్, నాటుర్న్స్ అని వరుసగా ఊళ్లు తగులుతాయి. తెల్లని చలువరాతికి పేరుపొందిన లాస్‌లో దారి పక్కన రాతి దిమ్మెలు కనిపిస్తాయి. కాస్టెల్‌బెల్ దగ్గర కోట ఒకవైపు, నది ఒకవైపు ఉంటాయి. నాటుర్న్స్ తరువాత టోల్ అనే చోట లోయ ఒక్కసారిగా మెట్టు దిగినట్టు కిందికి పడిపోతుంది. అక్కడ సైకిల్ బాట కూడా చిన్న చిన్న మెలికలు తిరుగుతూ ఆల్గుండ్‌కు దిగి, 325 మీటర్ల ఎత్తున ఉన్న మెరాన్‌లో ప్రవేశిస్తుంది. సరస్సు నుంచి ఇక్కడికి దిగిన ఎత్తు దాదాపు 1,170 మీటర్లు. మిట్టలు, చిన్న ఎక్కుడులు దారిలో లేకపోలేదు గాని, ఎక్కువ భాగం నది ఎటు పోతే చక్రం అటు పోతుంది.

ఈ దారిలో అధిక భాగం ఆపిల్ తోటల మధ్య నుంచి పోతుంది. దక్షిణ టిరోల్ మొత్తం మీద ఈ తోటలు సుమారు 18,000 హెక్టార్లలో ఉన్నాయి. మనిషి చేతికి అందేంత ఎత్తులో, తీగలకు కట్టిన బారులు బారులుగా చెట్లు, వాటి మధ్య ఒక్క ట్రాక్టరు పట్టే వెడల్పున తారు వేసిన సన్నని దారి ఉంటాయి. ఇక్కడే నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయం ఉంది. ఆ సన్నని దారి సైకిళ్ల కోసం వేసినది కాదు. అది రైతు డొంకదారి. మరికొంత దూరం పోతే నది కరకట్ట మీది దారి వస్తుంది. అది వరదల కాలంలో కట్టను కాపాడుకోవడానికి వేసుకున్నది. ఇంకొంత దూరం పోతే రైలు వదిలేసిన కట్ట వస్తుంది. ఇలా వేర్వేరు కాలాలలో, వేర్వేరు అవసరాలకు పుట్టిన ముక్కలను ఏరి, వాటి మధ్య ఖాళీలను మాత్రం కొత్త బాటతో, చిన్న వంతెనతో, రోడ్డు కింది సొరంగంతో కలిపి, మొదటి నుంచి చివరి వరకు ఒకే రకమైన సూచిక పలకలు నాటితే తయారైనదే ఈ వాహనాలు లేని దారి. ఆల్ప్స్ కొండలు దానిని ఎవరికీ వరంగా ఇవ్వలేదు. నిజానికి ఇరుకైన లోయలో రోడ్డుకూ, రైలుకూ, నదికీ, తోటకూ, ఊరికీ చోటు చాలదు. అటువంటి చోట సైకిలుకు కూడా చోటు తీయాలంటే, ఉన్నదానినే పంచుకోవడం తప్ప మార్గం లేదు. అక్కడివారు ఆ పని ఓపికగా చేశారు.

రైలు కట్టల సంగతి మరికొంత చెప్పవలసి ఉంది. ఆస్ట్రియా నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా బోల్జానో దాకా 1867లో రైలు మార్గం తెరిచారు. ఇరుకైన ఐజాక్ లోయలో వంకర్లు తిరుగుతూ పోయే ఆ పాత పట్టాలకు బదులుగా, 1990లలో కొన్నిచోట్ల కొండల లోపల పొడవైన సొరంగాలు తవ్వి రైలును అందులోకి మళ్లించారు. అలా ఖాళీ అయిన పాత కట్ట మీదకే సైకిల్ బాట వచ్చింది. రైలు ఎక్కగలిగిన వాలు సైకిలుకు ఎప్పుడూ సుఖంగానే ఉంటుంది. అందువల్ల బ్రెన్నర్ నుంచి గోస్సెన్‌సాస్ వైపు దిగే భాగం, బోల్జానోకు ముందు వచ్చే భాగం, రెండూ ఒకే తీరున మెత్తగా సాగుతాయి. ఏడాదికి ఇరవై లక్షలకు పైగా లారీలు పోయే బ్రెన్నర్ మోటారు మార్గం అదే లోయలో, స్తంభాల మీద, మన తలల పైన ఉంటుంది. ఆ హోరు వినిపిస్తూనే ఉంటుంది గాని, ఆ బండ్లలో ఒక్కటి కూడా మన దరికి రాదు. నిశ్శబ్దం కోరుకునేవారికి ఈ లోయ నేను సూచించను. భద్రత మాత్రం ఇక్కడ పూర్తిగా ఉంది.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బుర్గ్ నుంచి ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న గ్రాదో దాకా, సుమారు 410 కిలోమీటర్లు సాగే ఆల్పె ఆద్రియా బాటలో, ఇటలీలోని తార్విజియో పట్టణం కింది భాగం ఇటువంటిదే. 1879లో తెరిచిన పాంటెబ్బానా రైలు మార్గాన్ని ఫెల్లా నది లోయలో కొత్త సొరంగాలలోకి మార్చిన తరువాత, పాత కట్ట, పాత ఇనుప వంతెనలు, పాత సొరంగాలు అన్నీ సైకిళ్ల పరమయ్యాయి. కియుజఫోర్తెలో మూతపడిన రైల్వే స్టేషను ఇప్పుడు సైకిళ్ల మీద వచ్చేవారు ఆగి కాఫీ తాగే చోటు. నీళ్లు ఉరకలు వేసే ఆ లోయ మీద, ఎత్తైన ఇనుప వంతెనను సైకిలు మీద దాటిన నిమిషాన్ని నేను మరచిపోలేను. అదే దారిలో కార్లు ఉండి ఉంటే నా కళ్లు వెనక చూసే అద్దాన్ని దాటి నది దాకా పోయేవి కావు.

డోలొమైట్లలో డోబియాకో నుంచి కోర్తినా మీదుగా కలాల్జో దాకా పోయే దారి కూడా రైలు కట్టే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనిక అవసరాలకు పుట్టి, ఆ తరువాత ప్రయాణికులకు ఉపయోగపడి, 1964లో మూతపడిన చిన్న రైలు దానిది. మీ వ్యాసం దీనిని అందరికీ అనువైన దారిగా పేర్కొంది. అది చాలావరకు నిజమే. కానీ డోబియాకో నుంచి కోర్తినా దాకా నేల తారు కాదు, కంకర. సన్నటి టైర్ల రోడ్ సైకిలు అక్కడ జారుతుంది, ట్యూబు పంక్చర్ అవుతుంది. నేను ఆ సంగతి తెలియక వెళ్లి, సగం దూరం దిగి నడిపించుకుంటూ పోయాను. కోర్తినా తరువాత మాత్రం తారు దారి. రోడ్ సైకిలు అని వ్యాసంలో రాసినప్పుడు, దారి మీద ఉన్నది తారా, కంకరా అన్నది తప్పక చెప్పాలి. అద్దెకు సైకిలు తీసుకునేవారు ఏ సైకిలు అడగాలో దానిని బట్టే తేల్చుకుంటారు.

ఇన్ని దారులలోనూ సగం పని రైలుదే అంటే అతిశయోక్తి కాదు. విన్‌ష్‌గావ్‌లో 1906 నుంచి నడిచిన రైలును 1990 ప్రాంతంలో ఆపివేశారు. రోడ్డు మీద కార్లు పెరిగాయి, పట్టాల మీద గడ్డి మొలిచింది. ఆ పట్టాలను ఊడబెరికి దానిని కూడా సైకిల్ బాటగా మార్చి ఉంటే, లోయకు అది నష్టమే అయ్యేదని నా నమ్మకం. స్వయంపాలన గల ఆ రాష్ట్ర ప్రభుత్వం మార్గాన్ని తన చేతికి తీసుకుని, బాగుచేసి, 2005 మే 5న మళ్లీ రైలు నడిపించింది. మెరాన్ నుంచి మాల్స్ దాకా 60 కిలోమీటర్ల ఆ మార్గంలో, రైలులో పైకి పోయి సైకిలు మీద దిగివచ్చే వాడుక దానితో స్థిరపడింది. స్టేషన్ల దగ్గరే సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. ఒక స్టేషనులో తీసుకుని మరొక స్టేషనులో అప్పగించవచ్చు. అలసిన చోట ఆగి, తరువాతి రైలు ఎక్కవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని కూడా ఆ బాట మీద నేను చూశాను. మధ్యలో ఎక్కడైనా రైలు అందుతుందన్న ధీమా లేకపోతే, వారు వంద అడుగులు కూడా బయలుదేరరు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. జులై, ఆగస్టు నెలలలో రైలులో సైకిళ్లకు చోటు దొరకడం కష్టం. డోబియాకో పక్కనే ఉన్న సాన్ కాందిదో నుంచి, ద్రావా నది వెంట, ఆస్ట్రియాలోని లీన్జ్ దాకా దిగే 44 కిలోమీటర్ల దారి కుటుంబాలకు ఎంతో ఇష్టమైనది. పొద్దున అందరూ దిగుతారు, మధ్యాహ్నం అందరూ ఒకే రైలుకు వస్తారు. పసిపిల్లలతో వరుసలో నిలబడి, ఒక రైలు పోయి ఇంకొక రైలు వచ్చేదాకా ఎదురుచూసిన తల్లిదండ్రులను అక్కడ చూశాను. ప్రయాణికుడికి ఉన్న టికెట్ సైకిలుకు వర్తించదు, దానికి వేరే తీసుకోవాలి. పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నం రద్దీకి ముందే తిరుగు రైలు ఎక్కడం మేలు. సొంత సైకిలు బదులు అద్దె సైకిలు తీసుకుంటే, దానిని లీన్జ్‌లో అప్పగించి ఖాళీ చేతులతో రైలు ఎక్కవచ్చు.

గాలి గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు. లోయలో తొక్కేవారికి ఎక్కుడు కన్నా గాలే పెద్ద లెక్క. విన్‌ష్‌గావ్‌లో పైనుంచి కిందికి వీచే గాలి ఎంత సహజమంటే, చెట్లు కూడా కొన్నిచోట్ల అటే ఒరిగి ఉంటాయి. కింద ఆదిజె లోయలో, ట్రెంటో చుట్టుపక్కల, ఎండకాలం మధ్యాహ్నాలలో దక్షిణం నుంచి, గార్దా సరస్సు వైపు నుంచి, ఓరా అనే గాలి లేస్తుంది. ఉదయం పూట దక్షిణంగా పోతే హాయిగా ఉండే అదే దారి, మధ్యాహ్నం రెండు దాటాక ఎదురుగాలితో రెండింతల దూరం అనిపిస్తుంది. బోల్జానో నుంచి ట్రెంటో దాకా కరకట్ట మీది దారి చదునుగా, సూటిగా, నీడ లేకుండా ఉంటుంది. ఈ భాగాన్ని ఉదయమే ముగించాలి. ట్రెంటో ప్రాంతంలో బాట పక్కనే బిచిగ్రిల్ అనే ఉపాహారశాలలు సైకిలు ప్రయాణికుల కోసమే ఉన్నాయి. నీళ్లు నింపుకోవడానికి, గాలి కొట్టుకోవడానికి, నీడన కూర్చోవడానికి అవి ఎంతో ఉపకరిస్తాయి.

వాహనాలు లేని దారి అంటే చక్రం తప్ప మరేదీ ఉండని దారి అని కూడా అనుకోకూడదు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఆపిల్ కోతలు. పెట్టెలు నింపిన ట్రాక్టర్లు ఆ డొంకదారులలోనే తిరుగుతాయి. వాటికి దారి ఇవ్వవలసినది మనం, ఎందుకంటే దారి వారిది. వసంతంలో గడ్డకట్టే చలికి పూత చెడకుండా రాత్రివేళ తోటలలో నీళ్లు చిమ్ముతారు. చలికి ఆ నీరు పూవు చుట్టూ గడ్డకట్టి, పూవును లోపల కాపాడుతుంది. అటువంటి రాత్రి తరువాతి ఉదయం, తోట పక్క దారి తడిగానో, మంచు పేరుకునో ఉండవచ్చు. ఊళ్ల లోపల బాట మామూలు వీధిలో కలుస్తుంది. ముసలివారు, పిల్లలు, కుక్కలు అన్నీ అక్కడ ఉంటాయి.

ఈ సందర్భంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం చెప్పాలి. ఆ దారుల మీద నన్ను భయపెట్టినవి కార్లు కాదు, తోటి సైకిళ్లే. లాట్ష్ దగ్గర ఒక మధ్యాహ్నం, రోడ్ సైకిళ్ల మీద ఆరేడుగురు వరుసగా, దిగుడులో, గంట కూడా కొట్టకుండా, నా ముందు పోతున్న ఒక చిన్న పాపను మోచేయి తగిలేంత దగ్గరగా దాటిపోయారు. పాప బెదిరి గడ్డిలో పడింది. దెబ్బ తగలలేదు గాని, ఆ తరువాత సైకిలు ఎక్కనని ఏడ్చింది. వాహనాలు లేవన్న ధైర్యంతోనే ఆ తల్లిదండ్రులు పిల్లను తీసుకువచ్చారు. ఆ ధైర్యాన్ని ఒక్క నిమిషంలో పోగొట్టడానికి కారే అక్కరలేదు. బ్యాటరీతో నడిచే సైకిళ్లు వచ్చిన తరువాత, ఎక్కుడులో కూడా వేగాలు పెరిగాయి. రెండు మీటర్ల వెడల్పున్న బాట మీద నడిచేవారు, పసివారు, పందెపు సైకిళ్లు, బ్యాటరీ సైకిళ్లు, ట్రాక్టరు, అందరూ ఉన్నప్పుడు, అందరికన్నా వేగంగా పోయేవారే ముందు నెమ్మదించాలి. వేగమే కావలసినవారు తెల్లవారుజామున రావచ్చు, లేదా ముందు చెప్పిన మూసివేత రోజులలో కనుమలకు పోవచ్చు.

వారి వాదన కూడా నేను విన్నాను. ఇటలీ చట్టం ప్రకారం, నీలి గుండ్రటి పలకతో సైకిళ్లకే ప్రత్యేకించిన బాట పక్కన ఉన్నప్పుడు, సైకిలు రోడ్డు మీదకు కాక ఆ బాట మీదకే పోవాలి. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయేవారిని పిల్లలు తిరిగే బాట మీదకు నెట్టడం ఇద్దరికీ మంచిది కాదని వారంటారు. అందులో న్యాయం ఉంది. 2024 డిసెంబరులో అమలులోకి వచ్చిన సవరణ, సైకిలును దాటే వాహనం, పరిస్థితులు అనుకూలించిన చోట, ఒకటిన్నర మీటరు దూరం పాటించాలని చెప్పింది. కొండ రోడ్ల మీద అది నిజంగా అమలైతే, వేగంగా పోగలవారికి రోడ్డు మీద చోటు ఏర్పడి, బాట మీద ఒత్తిడి తగ్గుతుంది. రాత్రిపూట ఊరి బయట, సొరంగాలలో ఎప్పుడైనా, వెలుగును తిప్పికొట్టే చొక్కా తొడుక్కోవాలన్న నియమం కూడా అక్కడ ఉంది. రైలు కట్టల దారులలో సొరంగాలు ఎక్కువ కనుక, ఆ చొక్కా సంచిలో ఎప్పుడూ ఉండాలి.

పక్కనే ఉన్న స్విట్జర్లాండు ఈ దారుల విషయాన్ని ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కించింది. 2018 సెప్టెంబరు 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 73.6 శాతం మంది సైకిల్ బాటలను దేశ రాజ్యాంగంలో చేర్చడానికి అనుకూలంగా ఓటు వేశారు. దాని ఆధారంగా చేసిన చట్టం 2023 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఒక బాటను ఎత్తివేయవలసి వస్తే, దానికి బదులు మరొకటి చూపించాలన్న సూత్రం అందులో ఉంది. నాకు ఆ చట్టంలో అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఎందుకంటే, ఇటువంటి దారులకు తెగిపోవడమే పెద్ద చేటు. నలభై కిలోమీటర్లు బాగుండి, మధ్యలో ఒక్క కిలోమీటరు లారీల రోడ్డు మీద పోవలసి వస్తే, ఆ నలభై కూడా పసిపిల్లల తల్లికి లేనట్టే. విన్‌ష్‌గావ్ బాట విలువ దాని అందంలో కొంతే ఉంది. సరస్సు నుంచి మెరాన్ దాకా ఎక్కడా తెగకపోవడంలో మిగతాదంతా ఉంది.

కనుక నేను కోరేది ఇది. ఈ విషయం మీద మీరు మరొక వ్యాసం వేయదలిస్తే, కనుమల చిత్రాల పక్కన లోయ బాట పటం ఒకటి వేయండి. ఏ భాగం తారు, ఏ భాగం కంకర, ఏ స్టేషనులో రైలు అందుతుంది, ఎక్కడ ఏటవాలు ఎక్కువ అన్నది దానిమీద గుర్తించండి. ఊళ్ల పేర్లు జర్మన్, ఇటాలియన్ రెండింటిలోనూ తెలుగు లిపిలో ఇవ్వండి. రైలులో ఒక పేరు ప్రకటించి, టికెట్ మీద మరొకటి ఉన్నప్పుడు కొత్తవారు కంగారుపడి ముందే దిగిపోతారు. నాకు అలా జరిగింది. స్టెల్వియో గురించి రాసినప్పుడు, వాహనాలు లేని రోజులు ఏడాదిలో చాలా అరుదని స్పష్టం చేయండి. మొదటిసారి పోయేవారికి జూన్, సెప్టెంబరు నెలలు అనువైనవని చెప్పండి. అప్పుడు రైలులో చోటు దొరుకుతుంది, బాట మీద పిల్లలకూ చోటు దొరుకుతుంది. అటువంటి పటం తయారు చేయడానికి నేను తిరిగిన దారుల వివరాలు, ఊరి వెంట ఊరుగా రాసుకున్నవి, మీకు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు